కుమ్మరి తండ్రి అన్యథాసిద్ధుడా?



తర్కశాస్త్రం చదువుకొన్నవారికి కుండతో ఉన్నంత పరిచయం కుమ్మరితో ఉండదు. తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం మొదలుకొని ఏ గ్రంథం తెరచినా ఘటమే ఉదాహరణం. ఘటానికి కపాలాలు సమవాయికారణం, ఆ కపాలాల కూడిక అసమవాయికారణం, కులాలుడూ దండమూ చక్రమూ నిమిత్తకారణాలు అని వల్లె వేసిన రోజులు నాకు ఇప్పటికీ జ్ఞాపకం. కులాలుడంటే కుమ్మరి, దండమంటే ఆయన సారెను తిప్పే కఱ్ఱ. ఇంతవరకు బాగానే ఉంది. ఆ తరువాత వచ్చేదే అన్యథాసిద్ధప్రకరణం. కార్యానికి ముందు ఉన్నంత మాత్రాన ప్రతి వస్తువూ కారణం కాజాలదు. లెక్కలోనికి తీసుకోనక్కరలేనిది అన్యథాసిద్ధం. విశ్వనాథపంచాననుని న్యాయసిద్ధాంతముక్తావళిలో దీనికి చూపిన ఉదాహరణాలలో రెండు మా తరగతిని బాగా నవ్వించేవి. ఒకటి కుమ్మరి తండ్రి. రెండవది మట్టిని మోసుకొని వచ్చిన గాడిద. కుండకు కుమ్మరి కారణం గాని, కుమ్మరిని కన్న తండ్రి కారణం కాడట!

శాస్త్రదృష్టితో చూస్తే అది సరియైన మాటే. తండ్రిని కారణమంటే తాతనూ కారణమనాలి, ముత్తాతనూ అనాలి. ఆ వరుసకు అంతం ఉండదు. కాని తర్కపాఠంలో ఉండవలసిన ఆ మాట మన కళాచరిత్రలోనికి, మన బడిలోనికి, మన మనసులోనికి కూడా ఎప్పుడో చల్లగా దిగివచ్చింది. కుండను మెచ్చుకొంటాం, దాని వెనుక ఉన్న వంశాన్ని, వాడను, వాముపొగను లెక్కలోనికి తీసుకోము. ఈ సంగతి నాకు పాఠం చెప్పుతున్న రోజుల్లో తోచలేదు. పదవీవిరమణ చేసిన తరువాత, ఢిల్లీలో మా అబ్బాయి దగ్గర ఉన్న కొద్దిరోజులలో, పి.ఆర్. దారోజ్ గారి పనిని చూసినప్పుడు తోచింది.

దారోజ్ గారి పేరు మన పాఠకులలో ఎందరికి తెలుసునో నేను చెప్పలేను. నాకు మాత్రం అరవై యేండ్లు వచ్చేదాకా తెలియదు. 1944లో జన్మించిన ఈ తెలుగు శిల్పి హైదరాబాదులో లలితకళలను అభ్యసించి, పిదప బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో సిరామిక్స్ విద్యను నేర్చి, ఢిల్లీలో స్థిరపడి, దశాబ్దాల తరబడి మట్టితోనే పనిచేస్తూ వచ్చారు. మన దేశంలో మట్టిని శిల్పద్రవ్యంగా నిలబెట్టిన మొదటి తరంవారిలో ఆయన పేరు చెప్పుకొంటారు. కంచు విగ్రహాల గురించీ, తైలవర్ణ చిత్రాల గురించీ తెలుగులో ఎన్నో వ్యాసాలు వచ్చాయి. మట్టితో ద్వారాలు నిలిపిన ఈయనను గురించి వ్రాసినవారు బహు కొద్దిమంది.

ఆయన మార్గంలోనికి వచ్చిన కాలాన్ని ఒక్కసారి తలచుకొందాం. ఆధునిక భారతదేశంలో కుమ్మరిచక్రాన్ని కళాకారుని గదిలోనికి తెచ్చిన మహనీయుడు సర్దార్ గురుచరణ్ సింగ్. యువకుడుగా ఉన్నప్పుడే జపానుకు వెళ్లి, అక్కడి మట్టిపనిని చూసి, బెర్నార్డ్ లీచ్, షోజి హమాదా వంటివారితో పరిచయం పొంది తిరిగివచ్చి, 1952లో ఢిల్లీలో తన మట్టిపాత్రల కార్యశాలను నెలకొల్పారు. పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ అనే అమెరికన్ దంపతులు 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని ప్రారంభించారు. ఈ రెండు చోట్ల నుండి ఎందరో శిష్యులు వచ్చారు. అయినా ఆ రోజుల్లో మట్టిపని అంటే గిన్నె, కూజా, పూలకుండీ, టీ కప్పు. ప్రదర్శనశాల గోడలు చిత్రపటాలవి, మధ్యలోని స్థలం కంచు, రాతి విగ్రహాలది. మట్టివస్తువుకు అల్మారాలో ఒక అర దొరికితే అదే గొప్ప.

దారోజ్ గారు చేసిన పని ఏమిటంటే, మట్టిని ఆ అర నుండి దించి నేలమీద నిలబెట్టారు. ద్వారాలు, తోరణాలు, స్తంభాలు, గోడ నిండే కుడ్యశిల్పాలు. చేతిలోనికి తీసుకొని చూసే వస్తువును మనిషి తలయెత్తి చూసే వస్తువుగా మార్చారు. పాత్రకు లోపలివైపు ఉంటుంది. అందులో నీరో ధాన్యమో ఉంటుంది. ద్వారానికీ లోపలివైపు ఉంటుంది. అందులోనుండి మనమే వెళతాం. పాత్రనుండి ద్వారానికి వేసిన ఈ అడుగు చూడడానికి చిన్నది. మట్టిపని తెలిసినవారికే దాని బరువు తెలుస్తుంది.

ఆ బరువేమిటో నాకు తెలిసినంతలో చెప్పుతాను. మా ప్రాంతపు కుమ్మరి వాములో గడ్డి, పిడకలు, కట్టెలు పేర్చి పైన మట్టి మెత్తి కాలిస్తే వేడి సుమారు ఏడెనిమిది వందల డిగ్రీల సెంటీగ్రేడుకు చేరుతుంది. ఆ వేడికి మట్టి గట్టిపడుతుంది గాని సన్నని రంధ్రాలు మిగులుతాయి. నీరు ఆ రంధ్రాలగుండా చెమర్చి ఆవిరి కావడం వల్లనే ఎండకాలంలో రంజనులోని నీళ్లు చల్లగా ఉంటాయి. శిల్పులు స్టోన్‌వేర్ అనే మట్టికి కావలసిన వేడి వేరు. 1200 నుండి 1300 డిగ్రీల దాకా పోవాలి. అక్కడ మట్టిలోని కొంత భాగం కరిగి గాజువలె మారి మిగిలిన కణాలను అతుకుతుంది; మట్టి రాయివంటిది అవుతుంది. ఆరేటప్పుడు, కాలేటప్పుడు కలిపి పదింట ఒక వంతుకు పైగా కుదించుకొనిపోతుంది. ఆరడుగుల ద్వారం కావాలంటే ఏడడుగులకు దగ్గరగా చేసుకోవాలి. ఒకవైపు తొందరగా ఆరి, మరొకవైపు ఆలస్యమైతే పగులుతుంది. 573 డిగ్రీల వద్ద మట్టిలోని స్ఫటికం ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే తిరిగి ముడుచుకొంటుంది. ఆ గడప దగ్గర తొందరపడితే నెలల శ్రమ పెంకులవుతుంది. కొలిమి ఎంత ఉంటే వస్తువు అంతే ఉండాలి గనుక, పెద్దదానిని ముక్కలుగా చేసి, విడివిడిగా కాల్చి, తరువాత ఒకదానిపై ఒకటి కూర్చాలి. ఆ ముక్కలన్నీ ఒకే తీరుగా కుదించుకొంటేనే అతుకు అతుకుతుంది.

ఇక రంగు మాట. చిత్రకారుడు నీలం పూస్తే నీలం కనబడుతుంది. మట్టిశిల్పి బూడిదవంటి పొడిని పూసి నిప్పుకు అప్పగిస్తాడు. రాగి కలిసిన పూత గాలి ఆడే కొలిమిలో పచ్చనవుతుంది. గాలి తక్కువైన పొగమంటలో అదే రాగి ఎఱ్ఱనవుతుంది. ఇనుము ఒక మంటలో గోధుమరంగు, మరొక మంటలో పలుచని ఆకుపచ్చ. కొలిమి తలుపు తెరచేదాకా తాను చేసినదేమిటో చేసినవానికే తెలియదు. ఇంత అనిశ్చితిలో నిలువెత్తు ద్వారాన్ని సంకల్పించడానికి ఎంత ధైర్యం కావాలి!

ఆ ద్వారం ముందు నిలబడినప్పుడు మొదట నాకు మా బాల్కొండ ఖిల్లా గుర్తుకు వచ్చింది. తరువాత గుడి గోపురం గుర్తుకు వచ్చింది. మూడవసారి గుర్తుకు వచ్చినది మాత్రం నేను కోరుకొన్నది కాదు. ఒక పిల్లవాని నోటుపుస్తకం. ఆ కథ చివర చెప్పుతాను. దానికి ముందు ఒక వాదాన్ని తేల్చుకోవాలి.

నేను తిరిగివచ్చి మిత్రులతో ఈ మాట ఎత్తినప్పుడు రెండు రకాల జవాబులు వచ్చాయి. మొదటిది: “దారోజ్ గారు కళాకారులు. ఆయన పనిని కుండలతో పోల్చడం చిన్నబుచ్చడమే.” రెండవది: “అసలైన కళాకారుడు మన ఊరి కుమ్మరే. మిగిలినదంతా పట్నంవారి వేడుక.” ఈ రెండూ తప్పని నా అభిప్రాయం.

మొదటిదానికి జవాబు ఒక్క పదంలోనే ఉంది. సిరామిక్ అనే మాట గ్రీకుభాషలో మట్టి, కుండ అనే అర్థమిచ్చే ‘కెరమోస్’ నుండి వచ్చింది. ప్రాచీన ఏథెన్సు నగరంలో కుమ్మరివాడకు కెరమైకోస్ అని పేరు. కాబట్టి సిరామిక్ ఆర్టిస్టు అంటే గ్రీకుభాషలో కుమ్మరి. మన కుమ్మరి కూడా సంస్కృత కుంభకారశబ్దం ప్రాకృతం మీదుగా వచ్చిన రూపమే. రెండు మాటలకూ మూలార్థం ఒకటే. అయితే ఒకటి పరదేశపు దుస్తులు తొడుక్కొని రావడంచేత బిరుదు అయింది. మరొకటి ఇంటి మాట కావడంచేత కులం అయి కూర్చున్నది. ఈ తేడా పనిలో ఉన్నదా, మన చెవిలో ఉన్నదా?

రెండవ జవాబు వినడానికి ఇంపుగా ఉంటుంది గాని అందులో ఒక మోసం ఉంది. ఊరి కుమ్మరికి తన పనిని ఎన్నుకొనే స్వేచ్ఛ ఎన్నడూ లేదు. పెళ్లికి ఐరేని కుండలు, ఇంటికి కూరాడు, పండుగకు బోనం కుండ, కల్లుకు లొట్టి, చావుకు కుండ. ఊరు అడిగినది ఇవ్వాలి, ఊరు పెట్టిన ధాన్యం పుచ్చుకోవాలి. ‘ఈ సంవత్సరం కుండలు చేయను, ద్వారం చేస్తాను’ అని ఆయన అనలేడు. దారోజ్ గారికి ఆ స్వేచ్ఛ ఉంది. ఆ స్వేచ్ఛతోనే ఒక రూపాన్ని పట్టుకొని ఏళ్ల తరబడి వెంటాడగలిగారు. ఈ తేడాను దాచి, ఊరి కుమ్మరిని ఆకాశానికెత్తడం ఆయనను ఉన్నచోటనే ఉండుమని చెప్పడం అవుతుంది. ‘కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు’ అనే సామెతను మనం ఏనాటినుండో వాడుతున్నాం. ఆ యేడు పనికి ప్రతిఫలమెంత అని మాత్రం అడగలేదు.

కాబట్టి తేడా ఉంది. కాని అది చేతిలో లేదు, దారిలో ఉంది. దారోజ్ గారికి హైదరాబాదు నుండి బరోడాకు, బరోడా నుండి ఢిల్లీకి ఒక దారి దొరికింది. సారె ముందు పుట్టిన పిల్లవానికి అటువంటి దారి ఉన్నదా అన్నదే ప్రశ్న. అది అసంభవం కాదని చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. బీహారులో కుమ్మరి కుటుంబంలో పుట్టిన బ్రహ్మదేవ్ రామ్ పండిత్, ముంబయి ప్రాంతంలో స్థిరపడి, స్టోన్‌వేర్‌లో పేరుపొంది, 2013లో పద్మశ్రీ పురస్కారాన్ని అందుకొన్నారు. తండ్రి సారె నుండి కొడుకు కొలిమిదాకా దారి తెగకుండా సాగితే ఏమవుతుందో ఆయన జీవితం చూపింది. అక్కడ కుమ్మరి తండ్రి అన్యథాసిద్ధుడు కాడు, సాక్షాత్తు కారణమే.

మన సంప్రదాయం కుమ్మరిని గౌరవించలేదా అని మీరు అడగవచ్చు. గౌరవించింది, ఏ విధంగానో గమనించండి. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో కుమ్మర గుండయ్య ఉన్నాడు; ఆయన కుండలను తట్టే సవ్వడికి శివుడే నాట్యమాడాడు. తిరుమల కథలలో కుమ్మరి భీముడు ఉన్నాడు. తొండమాన్ చక్రవర్తి బంగారుపూలతో పూజిస్తే, ఈయన మట్టిపూలతో పూజించాడు. స్వామి పాదాల చెంత ఆ మట్టిపూలే కనబడ్డాయి. కవయిత్రి మొల్లను కుమ్మర మొల్ల అని ఇంటింటా చెప్పుకొంటాం. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు బ్రహ్మవిద్యను చెప్పడానికి ఎన్నుకొన్న మొదటి ఉపమానం మట్టిముద్దే. ఇంత గౌరవం మరి ఏ వృత్తికి దక్కింది?

అయితే గుండయ్యను భక్తుడుగా తలచుకొన్నాం. ఆ తట్టుడులో ఉన్న లయను గురించి, కుండ గోడ పలుచనయ్యే కొద్దీ మారే నాదాన్ని గురించి ఆలోచించలేదు. భీముని భక్తికి కన్నీరు కార్చాం. మట్టితో పూవు చేయాలంటే రేకు ఎంత పలుచగా ఒత్తాలో అడగలేదు. మొల్లను కావ్యానికై మెచ్చుకొన్నాం. ఆమె ఇంటి సారెను ఇంటిపేరు పక్కన విశేషణంగా మాత్రమే ఉంచాం. మట్టిముద్ద బ్రహ్మమైంది, మట్టి పిసికిన చేయి మాత్రం మాయమైంది. నేను ముప్పది మూడేండ్లు ఈ కథలన్నీ పాఠంగా చెప్పినవాడను గనుక ఈ దోషంలో నాకూ భాగముంది.

మన తెలంగాణనేల ఈ విషయంలో కొత్తది కాదు. మెదకుసీమలోని కొండాపురంలో 1940 దశకపు తొలినాళ్లలో నిజాము ప్రభుత్వపు పురావస్తుశాఖవారు త్రవ్వినప్పుడు శాతవాహనకాలపు మట్టిబొమ్మలు బయటపడ్డాయి. సన్నని తెల్లమట్టితో, ముందొక అచ్చు వెనుకొక అచ్చు పెట్టి చేసిన ఆ ముఖాలను, కొప్పుల తీరును చూస్తే రెండువేల ఏండ్లనాటి చేతులు ఎంత నేర్పుగలవో తెలుస్తుంది. ఆ చేతులకు పేర్లు లేవు. ఇప్పుడు ఒక చేతికి పేరు వచ్చింది, దారోజ్ అని. ఆ పేరును కూడా మనం తెలుగులో వ్రాసుకోకపోతే ఎట్లా?

మా జిల్లాలో ఒక చిత్రం ఉంది. బోధనులో 1930 దశకంలో వెలసిన నిజాం చక్కెర కార్ఖానా 2015 డిసెంబరులో మూతపడినప్పుడు సభలు జరిగాయి, వ్యాసాలు వచ్చాయి, ఎన్నికలలో వాగ్దానాలు వచ్చాయి. అది న్యాయమే, వేలమంది చెఱకురైతుల, కార్మికుల బ్రతుకు అది. అదే కాలంలో మా ఊళ్లలో ఒక్కొక్క వామూ చల్లారిపోయింది. దానికి సైరను లేదు, గేటు లేదు, తాళం లేదు. అందువల్ల మూతపడినట్లు ఎవరికీ తెలియలేదు. ఒక ఏడు పొగ రాలేదు, అంతే. ఆ చోట ఇప్పుడు ఎవరిదో ట్రాక్టరు నిలుస్తున్నది.

ఇప్పుడు ఆ నోటుపుస్తకం కథ.

నేను ఉద్యోగంలో చేరిన నాలుగైదేండ్లకు, ఎనిమిదవ తరగతి పిల్లలకు ‘మా ఇల్లు’ అని వ్యాసం వ్రాయమని ఇచ్చాను. అందరూ పెంకుటిల్లు, వాకిలి, ఆవు, తులసికోట అని వ్రాశారు. కుమ్మరివాడనుండి వచ్చే ఒక పిల్లవాడు మాత్రం వాళ్ల ఇంట్లో ఏమేమి ఉన్నాయో వరుసగా వ్రాసుకొచ్చాడు. గురిగి, కంచుడు, పటువ, కాగు, రంజను, గోలెం, కూరాడు. ఏది ఎందుకో, దేని మూతి ఎట్లా ఉంటుందో, దేనికి ఎంత మన్ను పడుతుందో ఒక్కొక్క వాక్యం. మధ్యలో వాళ్ల నాయన సారె తిప్పుతడని, అమ్మ మన్ను తొక్కుతదని, పచ్చికుండను ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టాలని వ్రాశాడు. రెండు పుటలు నిండాయి.

నేను ఎఱ్ఱసిరా కలంతో ఆ పుటలను దిద్దాను. ‘తిప్పుతడు’ కొట్టివేసి ‘త్రిప్పును’ అన్నాను. అది పండితుని అలవాటు, క్షమించవచ్చు. అంతటితో ఆగలేదు. గురిగి అన్నచోట ‘చిన్న కుండ’ అని, కాగు అన్నచోట ‘పెద్ద కుండ’ అని, గోలెం అన్నచోట మళ్లీ ‘పెద్ద కుండ’ అని వ్రాశాను. పక్కన ‘గ్రామ్యపదములు వాడరాదు’ అని వ్రాసి, పదికి నాలుగు మార్కులు వేశాను. ఏడు రూపాలకు ఏడు పేర్లున్న ఇంటిలో రెండే మిగిల్చాను.

దారోజ్ గారి ద్వారం ముందు నిలబడినప్పుడు, ఆ ద్వారపు వంపును వర్ణించడానికి నా దగ్గర ఒక్క తెలుగుమాట లేదు. ఆకృతి, సౌష్ఠవం, సంవిధానం వంటి మాటలు ఎన్నైనా ఉన్నాయి. వాటిలో ఏదీ మట్టిని తాకినది కాదు. మట్టి అంచు బయటికి ఒరిగితే ఏమంటారు, లోపలికి ముడిస్తే ఏమంటారు, మెడ సన్నగా లేస్తే ఏమంటారు, ఆ మాటలన్నీ ఆ నోటుపుస్తకం వ్రాసిన ఇంటిలో ఉన్నాయి. తెలుగులో సిరామిక్ కళమీద విమర్శ ఎందుకు లేదని అడిగేవారికి నేను చెప్పగలిగిన జవాబు ఇదే. ఆ విమర్శకు కావలసిన భాషను మేమే, మావంటి పంతుళ్లమే, ఎఱ్ఱసిరాతో కొట్టివేశాం.

ఆ పిల్లవాడు పదవ తరగతి తరువాత మా ప్రాంతపు వందలమంది యువకులవలెనే గల్ఫుకు వెళ్లాడు. దుబాయిలో ఇరువది యేండ్లు టైల్స్ పరచే పని చేశాడు. టైల్స్ అంటే ఏమిటి? కాల్చిన మట్టిపలకలే. కుమ్మరి కొడుకు మట్టిని విడిచిపెట్టలేదు. ఎవరో చేసిన మట్టిని ఎవరి ఇంట్లోనో పరిచాడు. మట్టిపని మానివేసినందుకు నేను ఆయనను తప్పుపట్టను. తన కొడుకు మన్ను తొక్కరాదని కోరుకొన్న తండ్రిని అంతకన్నా తప్పుపట్టను. మా ఊరి చదువు ఆయనకు రెండే దారులు చూపింది: సారె లేదా విమానం. మూడవ దారి ఒకటి ఉందని, హైదరాబాదులో, బరోడాలో దానికి కళాశాలలున్నాయని, ఒక తెలుగువాడు అప్పటికే ఆ దారిన చాలాదూరం పోయాడని ఆయనకు చెప్పవలసిన వాడను నేనే. నాకు తెలిస్తే గదా చెప్పడానికి!

కిందటి సంవత్సరం వాళ్ల ఇంటికి వెళ్లాను. తండ్రి కాలం చేసి చాలా ఏండ్లయింది. తల్లి ఉన్నది. కొత్త ఇల్లు, గుజరాతు నుండి వచ్చిన తెల్లని టైల్స్. నా నోటుపుస్తకం తీసి, కుండల పేర్లన్నీ చెప్పుమ్మా అని అడిగాను.

“ఇప్పుడెందుకు సారూ అవి?” అన్నది ఆమె.

పక్కన కూర్చున్న నా పూర్వవిద్యార్థి నవ్వాడు. “అప్పుడు మీరే కొట్టేసిండ్రు గద సార్” అన్నాడు. నలభై యేండ్ల నాటి ఆ నాలుగు మార్కులు ఆయనకు జ్ఞాపకమున్నాయి. కోపంగా అనలేదు, అందువల్ల జవాబు చెప్పడం మరింత కష్టమైంది. తప్పు నాదేనని చెప్పాను. ఆ సాయంత్రం నలభై మాటలకు పైగా వ్రాసుకొన్నాను. కొన్నింటికి వస్తువు లేదు. ఆమె రెండు చేతులు గాలిలో తిప్పి ఆకారం చూపింది. ఎనుబది దాటిన ఆ చేతుల మధ్య ఒక క్షణం గోలెం కనబడింది. దానిని అక్షరాలలో పెట్టడం నాకు చేతకాలేదు.

ఇక నా విన్నపాలు. మొదటిది, పి.ఆర్. దారోజ్ గారి కృషిపైన తెలుగులో ఒక సమగ్రమైన పుస్తకం రావాలి, చిత్రాలతో, పనితీరు వివరాలతో. బరోడాలో పనిచేస్తూ ఆలయవాస్తువు నుండి తన రూపాలను గ్రహిస్తున్న వినోద్ దారోజ్ వంటి తరువాతి తరంవారిని గురించి కూడా రావాలి. భారతీయ సిరామిక్స్ త్రైవార్షిక ప్రదర్శన మొదట 2018లో జైపూరులో, తరువాత 2024లో ఢిల్లీలో జరిగింది. అటువంటిది ఒకటి కొండాపురం బొమ్మలు పుట్టిన తెలంగాణకు ఎందుకు రాకూడదు?

రెండవది, మాటల సేకరణ. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశాలకు శ్రీకారం చుట్టింది. ఊరూరా తిరిగి, పనివారి నోట విని వ్రాసుకొన్న పద్ధతి అది. మా మండలాలలోని కుమ్మరివాడలలో ఆ పనిని ఇప్పుడు చేయాలి. ఎనుబది యేండ్ల తల్లులు ఇంకెంతకాలం ఉంటారు?

మూడవది, బడి. గాంధీజీ సేవాగ్రామంలో 1944 నుండి చాలా ఏండ్లు పిల్లలకు చిత్రకళ బోధించిన దేవీప్రసాద్ గారు స్వయంగా గొప్ప మట్టిశిల్పి. చేతితో చేసే పనీ, కళా, చదువూ వేరువేరు కావని ఆయన జీవితమంతా చెప్పారు. ప్రతి ఉన్నతపాఠశాలలో వారానికి ఒక్క పీరియడు మట్టి ఉండాలని నా కోరిక. దానికి పెద్ద ఖర్చు లేదు. 2015లో, అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న సదాశివనగరులో మిషన్ కాకతీయ మొదలై, చెరువులలోని మట్టిని బండ్లకొద్దీ పొలాలకు తోలారు. అందులో ఒక్క బండి బడికి వస్తే సంవత్సరానికి సరిపోతుంది. నేర్పడానికి ఆ ఊరి కుమ్మరినే పిలిచి, ఆయనకు గురువుగారని పేరు పెట్టి, జీతమివ్వాలి. అందరు పిల్లలూ కళాకారులు కానక్కరలేదు. సారె మీద మట్టిని నిలువుగా లేపడం ఎంత కష్టమో ఒక్కసారి చేతికి తెలిస్తే, ఆ తరువాత ఎవరూ కుమ్మరి అనే మాటను తక్కువగా పలుకరు.

బాల్కొండ, మోర్తాడు, వేల్పూరు, కమ్మర్‌పల్లి, భీమ్‌గల్ ప్రాంతాల పాఠకులు ఎవరైనా దీనిని చదివితే, మీ ఇంటి పెద్దలను అడిగి మట్టిపాత్రల పేర్లు, వాటి ఆకారం, వాడకం వ్రాసి పంపవలసిందిగా ప్రార్థన. మాట గ్రామ్యమా గ్రాంథికమా అని చూడవద్దు. నా దగ్గర ఇప్పుడు ఎఱ్ఱసిరా కలం లేదు.

స్వస్తి.